పేరు పెట్టినవాడే తండ్రి

ప్రతి సంవత్సరము జూన్ మాసమున బడి తెఱచిన దినములలో ప్రవేశపు రిజిస్టరునందు మేము మొదట బిడ్డ పేరును, దాని ప్రక్కన తండ్రి పేరును వ్రాయుచుందుము. ఇది క్షణములో ముగియు పని. వెనుక వరుసలో నిలిచినవారు తొందరపెట్టుచుందురు. గుమాస్తా కలము ఆగదు. కాని కొందఱు బిడ్డల విషయమున ఆ రెండవ గడియొద్ద కలము నిలిచిపోవును. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములనుండి మనయొద్దకు వచ్చు బిడ్డలలో తాతయింట పెరుగువారు కలరు. మేనమామ పోషణలోనున్నవారు కలరు. తల్లిదండ్రులు కువైటునకు కూలికి పోగా పిన్నమ్మ చేతి అన్నము తినువారు కలరు. ఏ రక్తసంబంధమును లేని యింట కన్నబిడ్డలవలె పెరుగువారును కలరు. వీరి విషయమున “తండ్రి ఎవరు?” అను ప్రశ్నకు కాగితము కోరు ఉత్తరమొకటి, బిడ్డ హృదయము చెప్పు ఉత్తరము వేఱొకటి. ఈ రెంటికిని నడుమనున్న దూరమును గుఱించి ఈ సంచికలో నాలుగు మాటలు విన్నవింపదలచినాము.

మొదట మా తప్పును ఒప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట పదవ తరగతి పరీక్షకు దరఖాస్తులు నింపుచుండగా, ఒక బాలుడు తండ్రి పేరని చెప్పినదియు, వాని బదిలీ పత్రములోనున్నదియు సరిపోలలేదు. తరగతిలో నలువదిమంది వినుచుండగా మేము, “పెంచినవాని పేరు కాదు, నీ నిజమైన తండ్రి పేరు చెప్పుము” అంటిమి. బాలుడు తల వంచుకొనెను. వెనుక బల్లనుండి ఎవరో “వాడు పెంపుడు కొడుకు సార్” అనగా పలువురు నవ్విరి. మఱునాడు ఒక నేతగాడు బడికి వచ్చెను. బాలుని కన్నతండ్రియు ఈయనయు ఒకే కప్పు క్రింద ప్రక్కప్రక్క మగ్గములయందు నేసినవారట. ఆ దంపతులిరువురును కొలదికాలములోనే ఒకరి వెంట ఒకరు గతించిపోగా, నాలుగేండ్ల పసివానిని ఈయన తన యింటికి తెచ్చుకొనెను. కులము వేఱు, చుట్టఱికము లేదు. మేము నియమములన్నియు ఏకరువు పెట్టితిమి. ఆయన అంతయు విని, “అయ్యా, కాయితంలో మీరేం రాసుకున్నా రాసుకోండి. ఇంటికాడ వాడు నన్నే నాయనా అని పిలుచ్చాడు” అని మాత్రము చెప్పి, నమస్కరించి వెడలిపోయెను. ఆయన కోపపడి నాలుగు మాటలాడియున్నచో మాకు తేలికగా నుండెడిది.

నిజమైన తండ్రి! ఆ మాట ఆనాడు మా నోట ఎంత సులభముగా వచ్చినదో తలచుకొన్నకొలది మాకు సిగ్గు కలుగుచున్నది. ఏలయన, ఏ దేవాలయపు నీడలో ఈ బడి నడచుచున్నదో ఆ దేవాలయమునందు, చేతిలో లిల్లీపుష్పములును వడ్రంగి పనిముట్లును పట్టుకొనియుండు అర్చ్యశిష్ట జోజప్పగారి స్వరూపము ముందు మేము ప్రతిదినమును మోకరించుచుందుము. ఆయన ఎవరు? తనకు పుట్టని బిడ్డను తన బిడ్డగా గైకొన్నవాడు. కతోలిక శ్రీసభ భూలోకమందలి తండ్రులందఱికిని మాదిరిగా చూపు పురుషుడు, మేమాడిన మాట ప్రకారము, “నిజమైన తండ్రి” కాకపోవలెను. మా మాట తప్పో, శ్రీసభ విశ్వాసము తప్పో తేల్చుకొనవలసియుండెను.

మత్తయి సువార్త మొదటి అధ్యాయమును తెఱచి చూడుడు. అబ్రాహాముతో మొదలై తరతరములు దిగివచ్చు వంశావళి అది. పిల్లలు దానిని విసుగుతో దాటిపోవుదురు. కాని ఆ పేర్ల వరుస ఎచట ముగియుచున్నదో గమనింపుడు: అది మరియమ్మయొద్దకు కాదు, ఆమె భర్తయైన జోజప్పయొద్దకు వచ్చుచున్నది. ఆ వెంటనే సువార్తికుడు ఈ బిడ్డ జోజప్ప శరీరమువలన కలిగినవాడు కాడని స్పష్టముగా చెప్పుచున్నాడు. మఱి ఆ పేర్లన్నియు ఎందుకు? యేసునాథుడు దావీదు కుమారుడని పిలువబడుటకు ఆధారము ఈ జోజప్ప వంశమే. రక్తము లేదు, వంశము కలదు. ఈ వింతకు ముడి ఎచట నున్నదనగా, దేవదూత జోజప్పకు అప్పగించిన ఒక చిన్న పనియందున్నది: బిడ్డకు పేరు పెట్టుట. యూదుల ఆచారమున బిడ్డకు పేరు పెట్టి, వీడు నావాడని నలుగురి యెదుట అంగీకరించినవాడే తండ్రి. జోజప్ప ఆ పని చేసెను. ఆ క్షణముననే వడ్రంగి యింటి బిడ్డ రాజవంశీయుడయ్యెను.

ఇది పరదేశపు సంగతి, మనకు క్రొత్తది అని యెవరైన అందురేమో. మన జిల్లాలోని ఒంటిమిట్టలో ప్రతి చైత్రమున రాత్రివేళ జరుగు సీతారాముల కల్యాణమును మన విద్యార్థులలో అనేకులు చూచియుందురు. అచట వధువు ప్రవర చెప్పునప్పుడు ఎవరి పేర్లు వినవచ్చును? జనక మహారాజు పేరును, ఆయన పితృపితామహుల పేర్లును. సీతమ్మ నాగటి చాలున దొరకిన బిడ్డ. జనకునికి పుట్టినది కాదు. అయినను ఆమె జానకి. ఏ పురోహితుడును ఇది నిజమైన ప్రవర కాదని ఆక్షేపించినట్లు మేమెన్నడును వినలేదు. యశోద పెంచిన బిడ్డను లోకము నందనందనుడని పిలిచినది. కర్ణునికి తన జన్మరహస్యము తెలియవచ్చిన పిదపను, రాజ్యము కన్నుల యెదుట నిలిచినను, తన్ను పెంచిన రాధను, సూతుడైన అధిరథుని విడువనొల్లక రాధేయుడుగానే మిగిలెను. మతములు వేఱు, కథలు వేఱు; కాని పెంచిన చేతికి పేరు నిచ్చు హక్కు కలదని తెలుగు మనస్సు ఎప్పుడో ఒప్పుకొన్నది. “కన్న ప్రేమకంటె పెంచిన ప్రేమ గొప్ప” యని మన అవ్వలు ఊరకే అనలేదు. కథలలో నింత ఉదారముగానున్న మనము రిజిస్టరు ముందు కూర్చుండగానే ఏల ఇరుకు మనస్కులమగుదుమో!

దానికి కారణము లేకపోలేదు. మన ప్రాంతమున దత్తత క్రొత్తది కాదు. కాని అది ఎవరి కొఱకు జరుగుచుండెనో ఆలోచింపవలెను. కొడుకు లేనివాడు పిండము పెట్టుటకో, పొలము పరులపాలు కాకుండుటకో దాయాదులలో ఒకని బిడ్డను దత్తు తెచ్చుకొనుట పెద్దల వాడుక. రెడ్ల కుటుంబములలో ఇల్లటమను ఆచారము కలదు. మగబిడ్డలు లేని రైతు అల్లుని ఇంట చేర్చుకొని, సేద్యము నప్పగించి, కొడుకుతో సమానముగా ఆస్తి నిచ్చుట. దీనిని పందొమ్మిదవ శతాబ్దమందే మదరాసు న్యాయస్థానములు గుర్తించినవి. ఈ ఆచారములను మేము తూలనాడము. అవి ఇండ్లను నిలిపినవి, ముసలివారికి కూడు పెట్టినవి. అయినను వానియందు మొదటి ప్రశ్న “ఈ యింటికి ఎవరు కావలెను?” అనునదే గాని “ఈ బిడ్డకు ఎవరు కావలెను?” అనునది కాదు. జోజప్ప కథయందు ప్రశ్న తలక్రిందులైనది. ఆయనకు వారసుడు కావలెనని దేవదూత రాలేదు. బిడ్డకును తల్లికిని ఒక యిల్లు కావలెనని వచ్చెను. ఆ యింటికొఱకు జోజప్ప తన ఊరు విడిచి, రాత్రివేళ లేచి, ఐగుప్తు దేశమునకు పరదేశియై పోవలసివచ్చెను. బిడ్డవలన ఆయనకు ఆస్తి కలుగలేదు. ఉన్న బ్రతుకుతెరువే పోయెను.

మఱియొక సంగతి చెప్పక తప్పదు. మన సీమలో రక్తమను మాటకు బంధుత్వమను అర్థము మాత్రమే కాదు, పగ యను అర్థమును కలదు. తండ్రిని పోగొట్టుకొన్న బాలునికి పొలముతోపాటు పగయు వారసత్వముగా వచ్చిన ఊళ్లు మనకు తెలియును. “మీ నాయన రక్తము నీలో పాఱుట లేదా?” యని పదునాలుగేండ్ల పిల్లవానిని రెచ్చగొట్టిన పెద్దలను మన తల్లులెఱుగుదురు. రక్తమే సర్వస్వమని నమ్మినచోట అది ఇట్లే పలుకును. అట్టి బాలుని చేయి పట్టుకొని, చదువు చెప్పించి, ఒక వృత్తిలో నిలిపిన మేనమామయో, ఉపాధ్యాయుడో, గురువో వానికి రెండవమాఱు తండ్రియైనాడు. కన్నతండ్రి ప్రాణమిచ్చెను; ఈతడా ప్రాణమును కాపాడెను.

శ్రీసభ చరిత్రయందు ఇట్టి తండ్రులు లేనికాలము లేదు. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన ధాత కఱవున కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు మిక్కిలి నలిగినవి. ఆ కఱవున దిక్కులేనివారైన బిడ్డలకు మదరాసు రాజధానిలోని అనేక మిషనులు, కతోలికులవియు ప్రొటెస్టంటులవియు, తలుపులు తెఱచినవి. పందొమ్మిదవ శతాబ్దపు ఇటలీలో డాన్ బోస్కో గారు వీథి బాలురను చేరదీసిరి. రెండేండ్ల వయస్సుననే తన తండ్రిని కోల్పోయినవారాయన. తండ్రి లేమి ఎట్టిదో పుస్తకములో చదివి నేర్చినవారు కారు. ఆయన సభవారు 1989లో విజయవాడయందు నవజీవన్ బాలభవన్‌ను స్థాపించి, రైలు నిలయములలో తిరుగు బాలురకు గూడు కల్పించిరి.

దూరపు మాటలేల? హైదరాబాదు అగ్రపీఠాధిపతులును, 2022 ఆగష్టు 27వ తేదీన కార్డినలుగా నియమితులైన మొదటి తెలుగువారునైన పూల అంతోని గారు కర్నూలు ప్రాంతపు పల్లెలో పేద యింట పుట్టిరి. ఏడవ తరగతి ముగియగా పేదఱికముచేత వారి చదువు ఆగినది. మిషనరీలు వారిని కడపకు తెచ్చి చదివించిరి. 1992లో మన కడప మేత్రాసనమునకే గురువులుగా అభిషేకము పొందిరి. వారి కన్నవారి ప్రేమకు లోటని మేమనము. అయితే ఆ ప్రేమ ఫీజు కట్టలేని చోట మఱియొక చేయి వచ్చి పట్టుకొన్నది. ఆ చేయి లేనియెడల పశువులవెంటనో కూలికో పోయియుండు బాలురెందఱు మన తరగతులలోనే కూర్చుండియున్నారో, ఈ పత్రిక చదువువారు తమచుట్టు చూచుకొనవచ్చును.

శ్రీసభ బోధయు ఈ విషయమున సందిగ్ధముగా లేదు. 1870 డిసెంబరు 8వ తేదీన తొమ్మిదవ పయస్ పాపుగారు జోజప్పగారిని సర్వ శ్రీసభకు పాలకునిగా ప్రకటించిరి. సరిగా నూటయేబదియేండ్లకు, 2020 డిసెంబరు 8వ తేదీన, దివంగత ఫ్రాన్సిస్ పాపుగారు “తండ్రి హృదయముతో” అను అర్థమునిచ్చు పేరుగల లేఖను వెలువరించి, ఒక సంవత్సరమంతయు జోజప్పగారికి అంకితము చేసిరి. బిడ్డను కనినంతమాత్రమున పురుషుడు తండ్రి కాడనియు, మఱియొకని జీవితభారమును తనపై వేసికొన్నవాడెవడైనను వానికి తండ్రియగుననియు ఆ లేఖ సారాంశము. దానికి ముందు 2016లో కుటుంబమును గుఱించి వ్రాసిన ప్రబోధమునందును వారు దత్తతను మాతాపితృత్వమునకు మిక్కిలి ఉదారమైన మార్గముగా పొగడి, సంతానములేని దంపతులను అందుకు ప్రోత్సహించిరి. మాటలే కాదు, 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రము దేశపు చట్టము ననుసరించి దత్తు తీసికొనబడిన బిడ్డలను దత్తు తీసికొన్నవారి బిడ్డలుగానే ఎంచుచున్నది. అంతేకాదు, దత్తతవలన అన్నాచెల్లెండ్రయినవారు వివాహమాడరాదని కూడ విధించినది. కేవలము మర్యాదకు చెప్పు వరుసయైనచో ఇట్టి నిషేధమేల? నిజమైన బంధుత్వమని నమ్ముటచేతనే గదా! పునీత పౌలుగారు రోమీయులకును, గలతీయులకును, ఎఫెసీయులకును వ్రాసిన లేఖలలో దేవునికిని మనకును గల సంబంధమును చెప్పుటకు ఎన్నుకొన్న మాటయు దత్తతయే. ఆ లెక్కన జ్ఞానస్నానము పొందిన ప్రతివాడును పెంపుడు బిడ్డయే. తోటివానిని ఆ పేరుతో ఎగతాళి చేయు క్రైస్తవ బాలుడు తన్ను తానే ఎగతాళి చేసికొనుచున్నాడు.

ఇక ఆ నేతగాని కథకు మరల వత్తము. ఆయన ప్రేమకు కొఱత లేదు. కాని ఆయన చేతిలో ఒక్క కాగితమైనను లేదు. దరఖాస్తునందు ఆయన పేరును తండ్రిగా వ్రాయ వీలుకాక “సంరక్షకుడు” అని వ్రాయవలసివచ్చెను. ఆయన రేపు కన్నుమూసినచో, తాను పెరిగిన యింట ఆ బాలునికి ఏ హక్కు? అన్నదమ్ములు వచ్చి నీవెవడవని అడిగినచో వాడేమి చెప్పగలడు? జోజప్పకు ప్రేమ కలదు. దానితోపాటు చక్రవర్తి జనసంఖ్యకు బేత్లెహేము వఱకు నడచిపోయి లెక్కలో చేరిన విధేయతయు కలదు. కావున చట్టమును గుఱించి తల్లిదండ్రులు తెలిసికొనవలెను.

మన దేశమున 1956 నాటి దత్తత చట్టము హిందువులకును, చట్టరీత్యా వారితో లెక్కింపబడు బౌద్ధులు, జైనులు, సిక్కులకును మాత్రమే వర్తించును. క్రైస్తవులు చాలకాలము 1890 నాటి చట్టము క్రింద సంరక్షకులు కాగలిగిరే గాని తల్లిదండ్రులు కాలేకపోయిరి. ఆ సంరక్షకత్వమును బిడ్డకు మైనారిటీ తీఱగానే ముగిసెడిది. బాలల న్యాయ చట్టము ప్రకారము ఏ మతస్థుడైనను దత్తు తీసికొనవచ్చునని 2014లో సుప్రీముకోర్టు స్పష్టము చేసినది. ఇప్పుడు అమలులోనున్న 2015 నాటి చట్టము ప్రకారము దత్తు వచ్చిన బిడ్డకు కన్నబిడ్డకు గల హక్కులన్నియు కలవు. కేంద్ర దత్తత సంస్థయొద్ద పేరు నమోదు చేసికొనవలెను. అధికారులు ఇల్లు చూచి విచారింతురు. 2022 సెప్టెంబరునుండి దత్తత ఉత్తరువును జిల్లా కలెక్టరే యిచ్చును. బిడ్డను పెంచలేని తల్లి బాలల సంక్షేమ సమితి యెదుట అప్పగింపవచ్చును. మనస్సు మాఱినచో మరల తీసికొనుటకు ఆమెకు రెండు నెలల గడువు కలదు. ఈ దారి పొడవైనది, సంవత్సరములు పట్టవచ్చును, తాను చూచి ముచ్చటపడిన బిడ్డయే తనకు వచ్చునను హామీ లేదు. అందుచేతనే కొందఱు ఆసుపత్రి ఆయాతోనో, దళారితోనో మాటలాడుకొని చాటుగా పసిబిడ్డను తెచ్చుకొందురు. బిడ్డలను అమ్ముటయు కొనుటయు అయిదేండ్ల వఱకు శిక్షార్హమైన నేరములు. నేరము మాట అటుండనిండు. కొనితెచ్చిన బిడ్డ పెద్దవాడై, నా వెల యెంత యని అడిగిన దినమున ఏ తండ్రి ఉత్తరము చెప్పగలడు? దిక్కులేని బిడ్డ యెదురైనప్పుడు 1098 అను సంఖ్యకు ఫోను చేయుట మన విద్యార్థులందఱును కంఠస్థము చేయవలసిన పాఠము.

కొందఱు పెద్దలు మాతో చెప్పు ఆక్షేపణలు మూడు కలవు. “ఏ కులపు బిడ్డయో తెలియదు గదా” యనునది మొదటిది. దేవాలయమున ఒకే బల్లయొద్ద సత్ప్రసాదము స్వీకరించువారు ఈ మాట అనరాదు; అయినను అనుచున్నారు, అందులకు విచారించుచున్నాము. “ఎంత పెంచినను రక్తము రక్తమే, చివరకు విడిచిపోవును” అనునది రెండవది. కన్నబిడ్డలు విడిచిపోవుట లేదా? ముసలితనమున ఒంటరిగా తలుపు గడియ వేసికొను తల్లిదండ్రులలో కన్నవారే ఎక్కువ. తిరిగి వచ్చు లాభమును లెక్కించి చేయునది వ్యాపారము. ప్రొద్దుటూరి బంగారు అంగళ్లలో దానికి త్రాసులున్నవి, ఇంటిలో నుండరాదు.

మూడవది కష్టమైన ప్రశ్న. “బిడ్డకు నిజము తెలిసి, నీవు నా తండ్రివి కావు అన్నచో?” యని భయపడుచు నిజమును దాచువారు పలువురు. వారికి మేము చూపగలిగినది లూకా సువార్తయందలి ఒక ఘట్టము. పండ్రెండేండ్ల బాలయేసు యెరూషలేమున తప్పిపోయి, మూడవ నాడు దేవాలయమున దొరకెను. నీ తండ్రియు నేనును నిన్ను వెదకితిమని తల్లి చెప్పగా, బాలుడు తన తండ్రి యింటనే తానుండవలెనని బదులు చెప్పెను. ఆ మాట వినుచు ప్రక్కన నిలిచియున్నవాడు జోజప్ప. మూడు దినములు నిద్రాహారములు లేక వెదకిన ఆ పురుషుడు ఆ క్షణమున ఏమనుకొనెనో సువార్త చెప్పదు. ఆయన పలికిన మాట ఒక్కటైనను సువార్తలలో లేదు. చెప్పబడినది ఇంతే: బాలుడు వారితో నజరేతునకు పోయి వారికి లోబడియుండెను. అనగా జోజప్ప ఆ మాటకు నొచ్చుకొని చేయి విడువలేదు. బిడ్డయు చేయి విడిపించుకొనలేదు. బిడ్డకు మఱియొక మూలము కలదని ఒప్పుకొనుటవలన పెంచినవాని తండ్రితనము తగ్గిపోలేదు. ఆ మీదటను ఊరివారు యేసునాథుని వడ్రంగి కొడుకనియే పిలిచిరి.

కాబట్టి పెంచిన తల్లిదండ్రులారా, నిజమును దాచకుడు. పొరుగింటి కొట్లాటలోనో, బడిలోని వెక్కిరింతలోనో తెలిసినచో అది గాయమగును. మీ ఒడిలో కూర్చుండబెట్టుకొని, పసినాటనుండియే కథవలె చెప్పినచో అది జ్ఞాపకమగును. కన్నవారిని నిందింపకుడు. పెంచలేక విడిచిన తల్లి దుఃఖము మనకు తెలియదు. బిడ్డ వారిని గుఱించి అడిగినప్పుడు అది కృతఘ్నత కాదు. తన బట్టకు పడుగు ఎచటినుండి వచ్చినదో తెలిసికొనగోరుటయే. పేక మీరు నేసినదే. రెండును లేక బట్ట కాదు.

ఉపాధ్యాయులమైన మాకును ఒక నియమము చేసికొనినాము. తండ్రి పేరును గుఱించి సందేహము కలిగినచో బిడ్డను తరగతిలో నిలిపి అడుగము. ఇంటివారిని పిలిచి, తలుపు మూసి మాటలాడుదుము. “నిజమైన తండ్రి” యను మాటను మా బడిలో మేము మరల వాడము.

ప్రియ విద్యార్థులారా, మీలో వసతిగృహమున నుండువారు కలరు; ఎవరు చేరదీయగా ఇచటికి వచ్చితిరో మీకు తెలియును. ఎవరైనను మీ ప్రక్క బల్లవానిని పెంపుడు కొడుకని నవ్వినచో, మీరు నవ్వకుడు. ఆనాడు ఆ నలువదిమందిలో ఒక్కడు నవ్వక లేచి వాని ప్రక్కన కూర్చుండియున్నచో ఆ బాలుని తల అంతగా వంగియుండెడిది కాదు. మా తలయు వంగియుండెడిది కాదు.

ఆ బాలుడు పరీక్షలో తేఱెను. మార్కుల పత్రము తీసికొనుటకు నేతగాడును వానితోకూడ వచ్చెను. రిజిస్టరులో సంతకము చేయవలసిన చోట మేము వ్రేలు పెట్టి చూపగా, ఆయన కలము పట్టుకొని, మెల్లగా ఒక్కొక్క అక్షరము కూర్చి తన పేరు వ్రాసెను. బాలుడు వంగి చూచుచు, “చివరి అక్షరానికి దీర్ఘం మఱిచినావు నాయనా” అనెను. ఆయన నవ్వి దిద్దుకొనెను. ఆ గడికి పైన అచ్చువేసియున్న మాట సంరక్షకుడని. ఆ బల్లయొద్ద నిలిచిన మాకు వినవచ్చిన మాట వేఱు. జోజప్పగారి మధ్యవర్తిత్వమున ఆ రెండు మాటలును ఒక్కటియగు కాలము మన మూడు తాలూకాల బిడ్డలందఱికిని త్వరగా వచ్చునుగాక.